ముప్పై ఎనిమిది సార్లు పోయి వచ్చినారు

చెన్నైకి చాలా దూరంలో, రాజపాళయంలో ఒక పాలిటెక్నిక్ కాలేజీ. పరీక్షల గది. మధ్యాహ్నం.

"ముప్పై ఎనిమిది సార్లమ్మా. ఒకటి కాదు, రెండు కాదు."

"ముప్పై ఎనిమిది సార్లు ఎక్కడికి పోయింది మిస్?"

"అది రాయలేదు. పోయింది అని మాత్రమే ఉంది. ఇదిగో చూడండి. పది గంటల నలభై సెకండ్లకి, ‘విద్యార్థి పేజీ వదిలి పోయినారు.’ పదీ ఒకటికి, ‘విద్యార్థి తిరిగి వచ్చినారు.’ మళ్ళీ పోయినారు. మళ్ళీ వచ్చినారు. ఇట్ల నాలుగు పేజీలు."

"ఇది ఎవరు రాసింది?"

"ఎవరూ రాయలేదు. కంప్యూటరే రాస్తాది. ఆన్‌లైన్‌లో క్విజ్ రాసేటప్పుడు పిల్లలు ఏమేమి చేస్తున్నారో అంతా వరసగా రాసి పెడతాది. దీన్ని లాగ్ అంటాము."

"అది మా ఇంటికి వచ్చి చూసిందా?"

"రాలేదమ్మా. ఫోన్లో నుంచే చూస్తాది."

"చూసింటే ఎక్కడికి పోయిందో తెలిసింటాది కదా. కొళాయి కాడికి పోయిందా, అంగడికి పోయిందా."

"అట్ల పోవడం కాదు. పరీక్ష పేజీ వదిలేసి వేరే పేజీ తెరిచి జవాబు వెతుక్కున్నారని అర్థం."

"ఆ వేరే పేజీ పేరు రాసుందా?"

"...లేదు."

"అర్థం ఎవరు చెప్పినారు మిస్?"

"కమిటీ. అయిదు సార్లకి పైన పోతే కాపీ అని రూలు పెట్టినారు. మీరు వినోదిని అమ్మనే కదా?"

"అవును మిస్. సుబ్బమ్మాళ్. సత్రపట్టి నుంచి వస్తున్నాను. స్పిన్నింగ్ మిల్లులో పని. రింగ్ ఫ్రేం మిషను పక్కన నిలబడి తెగిన నూలు కలిపేది, ఇరవై నాలుగేండ్లుగా."

"కూర్చోండి ముందు. నేను సత్యప్రియ. వినోదినికి స్పిన్నింగ్ పాఠం చెప్పేది నేనే."

"తెలుసు మిస్. చూస్తానే తెలిసిపోయింది."

"ఎట్ల తెలుసు?"

"పాప చెప్పింది. మీరు తెలుగు ఇంత బాగా మాట్లాడతారని మాత్రం చెప్పలేదు."

"మా ఇంట్లో తెలుగే. మాది చోళపురం. సరి, విషయానికి వస్తాను. నాలుగు గంటలకి కమిటీ కూర్చుంటాది. దామోదరన్ సార్ హెడ్. ఈ ఫారంలో మీరు ‘కాపీ కొట్టింది నిజమే’ అని సంతకం పెడితే వినోదినికి ఈ ఏడు పోతాది. పెట్టకపోతే ఎందుకు పోయి వచ్చిందో ఒక్కొక్కదానికీ కారణం రాయాల."

"ముప్పై ఎనిమిదికీనా?"

"ముప్పై ఎనిమిదికీ."

"అయితే అడగండి మిస్. చెప్తాను."

"మీరెట్ల చెప్తారు? వినోదిని కదా చెప్పాల. ఆమె ఎందుకు రాలేదు?"

"పని ఉంది. మీరు అడగండి."

"పది ముప్పై ఒకటికి పోయి పది నలభైకి వచ్చింది. తొమ్మిది నిమిషాలు. అన్నిట్లో పెద్దది ఇదే."

"అది సిలిండర్ వచ్చింది."

"ఇది జూలైలో జరిగిందమ్మా. ఇంత కచ్చితంగా ఎట్ల జ్ఞాపకం?"

"బరువు మిస్. వాకిట్లో దించేసి పోయినాడు. లోపలికి దొర్లించుకొని పోవాల."

"వినోదిని దొర్లించిందా?"

"దొర్లించినాము."

"మీరు ఇంట్లోనే ఉంటిరా? ఆ రోజు షిఫ్ట్ లేదా?"

"షిఫ్ట్ ఉండింది."

"ఉంటే?"

"మీరు ఇంకొకటి అడగండి మిస్. ముప్పై ఏడు ఉంది ఇంకా."

"సరి. తొమ్మిదో ప్రశ్న. రింగ్ ఫ్రేం నడిచే గదిలో గాలి తేమ ఎంత ఉండాల. జవాబు ఆరు సార్లు మార్చింది. బి, సి, బి, సి, బి, సి. మళ్ళీ కడాకున బి. దామోదరన్ సార్ దీన్ని ఎర్ర ఇంకుతో చుట్టినారు. ఎవరో పక్కనుంచి జవాబు చెప్తా ఉన్నారంట, వాళ్ళకీ సరిగ్గా తెలీదంట."

"తెలీక కాదు. పుస్తకంలో ఉన్నది బి. మిల్లులో నిజంగా ఉండేది సి. బోర్డులో ఒకటి రాస్తారు, గాలిలో ఒకటి ఉంటాది. ఏది రాసేది?"

"పుస్తకంలో ఉన్నదే రాయాల."

"కడాకున అదే రాసింది కదా."

"మీ మిల్లులో తేమ ఎక్కువని వినోదినికెట్ల తెలుసు?"

"అది... నేను చెప్తా ఉంటాను, ఇంట్లో. అన్నం తినేటప్పుడు."

"అన్నం తినేటప్పుడు గాలి తేమ గురించా?"

"ఇంకేమి మాట్లాడేది మిస్. నాకు తెలిసింది అదే."

"సరి. దీనికేమి చెప్తారు? పది పన్నెండుకి ఫోను సత్రపట్టిలో ఉంది. పది పంతొమ్మిదికి చెన్నైలో ఉంది. పది ఇరవైకి మళ్ళీ సత్రపట్టిలోనే."

"ఏడు నిమిషాల్లో చెన్నైకి పోయిందా?"

"లాగ్‌లో అట్ల ఉంది."

"ఒక నిమిషంలో తిరిగి వచ్చిందా?"

"అట్లే ఉంది."

"మీకు ఇక్కడి నుంచి చోళపురం పోయేదానికి ఎంత సేపు పడతాది మిస్?"

"నాకూ తెలుసమ్మా అది నెట్‌వర్క్ తప్పని. దామోదరన్ సార్ వినడం లేదు. వినోదిని చెన్నైలో ఎవరినో పెట్టి పరీక్ష రాయించిందని ఆయన అనుమానం. ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పేసి వాళ్ళ దగ్గర రాయించుకున్నదంట."

"చెన్నైలో మాకు ఎవరూ లేరు. ఒకే ఒకసారి పోయినాను, పెళ్ళికి. అన్నం కూడా బాగా లేదు."

"వేరే మనిషి రాసింది అనేదానికి ఆయన దగ్గర ఇంకొక కారణం ఉంది. జూలై నెలంతా బిల్డింగ్ పైకప్పు పనని కాలేజీ ఆన్‌లైన్‌లో నడిచింది కదా. అప్పుడు రాసిన నాలుగు క్విజ్‌లోనూ వినోదినికి యాభైకి నలభై అయిదు, యాభై, నలభై ఏడున్నర, యాభై. ఆగస్టులో హాల్లో కూర్చోపెట్టి రాయించినాము. తొమ్మిది."

"తొమ్మిదా? నాతో ఇరవై అని చెప్పింది."

"తొమ్మిది."

"సరి, ఇంటికి పోయి అడుగుతాను. మిస్, మిగతా పిల్లలు ఎన్ని సార్లు పోయి వచ్చినారు?"

"క్లాసులో అరవై రెండు మంది. మిగతా అరవై ఒక్కరూ ఒక్కసారి కూడా పేజీ వదలలేదు. వాళ్ళ లాగ్ అంతా క్లీన్."

"ఎంత సేపు రాసినారు?"

"నాలుగు నిమిషాలు. కొందరు మూడున్నర."

"ఇరవై ప్రశ్నలు నాలుగు నిమిషాల్లోనా? చదివేదానికే చాలవు కదా."

"చాలవు."

"మార్కులు?"

"అందరికీ నలభై ఏడున్నర."

"అందరికీనా?"

"పద్నాలుగో ప్రశ్న మాత్రం అందరూ తప్పు రాసినారు. అందరూ ఒకే తప్పు."

"వాళ్ళు కమిటీకి రాలేదా?"

"వాళ్ళు పేజీ వదలలేదు కదమ్మా. ఇంకొక ఫోను పక్కన పెట్టుకొని వాట్సాప్‌లో జవాబులు చూసి నొక్కినా ఈ ఫోనులో పేజీ అట్లే ఉంటాది. నేను సార్‌తో చెప్పినాను. అరవై ఒకరిని విచారించేదానికి కుర్చీలు లేవన్నారు."

"పద్నాలుగో ప్రశ్న పాప సరిగ్గా రాసిందా?"

"సరిగ్గా రాసింది. ఆమె ఒక్కతే."

"ఇరవై రెండు నిమిషాలు ఆలోచించినా పరవాలేదు అప్పుడు."

"ఇరవై రెండు నిమిషాలా? ఆ ప్రశ్నకి సరిగ్గా అంత పట్టిందని నేను మీకు చెప్పలేదు కదా."

"...చెప్పినారు అనుకున్నాను."

"లేదు. సరి పోనీండి. నాకు ఒకటి చూడాలని ఉంది. వినోదిని ఏ ఫోనులో రాసింది?"

"ఇదే. మా ఇంట్లో ఒకటే ఫోను."

"ఇట్లీండి. ఇప్పుడు ఒక మాదిరి ప్రశ్న తెరుస్తాను. మార్కులు లేవు దీనికి. మీ చేతిలో పెట్టుకొని చదవండి. నేను ఇక్కడ కంప్యూటర్‌లో లాగ్ చూస్తాను."

"తమిళంలో ఉంది కదా?"

"తమిళంలో ఉంది. నిదానంగా చదవండి."

"నిదానంగానే చదువుతాను మిస్. వేగంగా రాదు. ఎనిమిదో క్లాసుతో ఆపేసినారు నన్ను. పు... తి... య... పుదియ ట్రావెలర్..."

"నూలు తిరిగే ఆ చిన్న ఇనప ముక్కనా అడుగుతున్నారు? ఏమో మరిచిపోయినాను ఏ ప్రశ్న పెట్టినానో."

"దాన్నే. కొత్తది మార్చిన కొంత సేపు నూలు ఎక్కువగా తెగుతాది, కారణం ఏమి, అని... అయ్యో, ఆరిపోయింది."

"ఏమి ఆరిపోయింది?"

"ఫోను. ఇది ఇంతే మిస్. కొంచెం సేపు తాకకపోతే నిద్ర పోతాది. మళ్ళీ నొక్కి లేపాల."

"ఆగండి, నొక్కకండి. ఇక్కడ వచ్చింది. ‘విద్యార్థి పేజీ వదిలి పోయినారు.’"

"ఎవరు?"

"మీరు."

"నేను ఇక్కడే కదా ఉన్నాను."

"నా ముందరే ఉన్నారు. కుర్చీ కూడా కదపలేదు. ఇప్పుడు లేపండి."

"లేపినాను."

"‘విద్యార్థి తిరిగి వచ్చినారు.’"

"నమస్కారం మిస్."

"నవ్వించకండి. అంటే ముప్పై సెకండ్లకి మించి ఒక ప్రశ్న చదివితే ఫోను ఆరిపోతాది. ఆరిపోతే ఆ మనిషి పోయినారని రాస్తాది. ముప్పై ఎనిమిది సార్లు పోయి వచ్చింది అంటే..."

"ముప్పై ఎనిమిది సార్లు ఆలోచించిందని."

"ఆలోచించేది లాగ్‌లో ఎక్కడా రాదు. అయ్యయ్యో. నేను కూడా ఈ కాగితాన్ని నాలుగు దినాలు చూసినాను. నాకెందుకు తోచలేదు."

"అయితే అది దొంగతనం కాదు కదా మిస్?"

"కాదు. నేను దామోదరన్ సార్ ముందర ఇదే చేసి చూపిస్తాను. ఆయన చేతిలోనే ఫోను పెడతాను. మీరు ఇంక భయపడకండి."

"సరి మిస్. ఇది కూడా ముగించేస్తాను. సి."

"ఏమి సి?"

"ఈ ప్రశ్నకి. కొత్త ట్రావెలర్ ఇంకా రింగుకి అలవాటు పడలేదు, కొంత సేపు వేగం తగ్గించి నడపాల. సి."

"సరిగ్గా చెప్పినారు. మిల్లులో ఉన్నారు కదా, తెలిసింటాది."

"మిల్లులో ఎవరు చెప్తారు మిస్. తెగితే కలుపు అంటారు, అంతే. ఇరవై నాలుగేండ్లు తెగిన నూలు కలిపినాను. ఎందుకు తెగుతాదో మీరు పచ్చ చీర కట్టుకున్న వీడియోలోనే తెలిసింది."

"పచ్చ చీర?"

"మంచి చీర మిస్."

"పచ్చ చీర వీడియో జూలై రెండో వారంలో పెట్టినాను. పిల్లలు వాళ్ళ పాస్‌వర్డ్ కొడితేనే తెరుచుకుంటాది."

"పాప చూసేటప్పుడు పక్కన నుంచి చూసినాను."

"ఆ వీడియో నలభై అయిదు నిమిషాలు. అరవై రెండు మందిలో కడాకు దాకా చూసింది ఒక్కరే. వినోదిని. మూడు సార్లు చూసింది. అది కూడా లాగ్‌లో ఉంది. ఆ రోజు నేను ఇంటికి పోయి మా అమ్మతో చెప్పినాను, ఒక పాప నా పాఠం మూడు సార్లు వినిందని. మరి ఆగస్టులో ఆ పాపని క్లాసులో లేపి ట్రావెలర్ అంటే ఏమి అని అడిగితే, బస్సులో పోయేవాళ్ళు అని చెప్పింది."

"ఆమె అట్ల చెప్పిందా?"

"చెప్పింది. అమ్మా, నా మొహం చూసి చెప్పండి. వీడియో చూసింది ఎవరు?"

"ముప్పై నిమిషాల కాడ మీకు దగ్గు వస్తాది. మన్నించండి అంటారు. ఎవరితో అంటున్నారో తెలీక నేను పరవాలేదు మిస్ అన్నాను. మూడు సార్లూ అన్నాను."

"క్విజ్ రాసింది?"

"నేనే."

"నాలుగూనా?"

"నాలుగూ."

"సిలిండర్ దొర్లించింది?"

"అది కూడా నేనే."

"దామోదరన్ సార్ చెన్నై అంతా వెతుకుతున్నారు. మీరు నా ముందర కూర్చొని ఉన్నారు. ఎందుకు చేసినారమ్మా?"

"మొదట, మిల్లుకి వారం సెలవు నాడు, పాపకి జ్వరం. వీడియో తెరిచి పెట్టకపోతే హాజరు పోతాది, కొంచెం సేపు పట్టుకో అమ్మా అనింది. పట్టుకొని కూర్చున్నాను. మీరు రింగ్ ఫ్రేం బొమ్మ వేసినారు. నేను రోజూ చూసే మిషనే. కానీ నేను చూసింది అంతా బయట. మీరు లోపల చూపించినారు. మరుదినం పాపకి జ్వరం తగ్గింది, నేను ఫోను ఇవ్వలేదు."

"వినోదిని అడగలేదా?"

"ఆమెకి సంతోషం. ఆమెకి పాఠం అంటే నిద్ర వస్తాది మిస్. కానీ మిషను కాడ నిలబెడితే చూడాల. తెగిన కొస పట్టుకుంటే అట్లే కూడుకుంటాది. నా చెయ్యి కూడా ఆ వయసులో అట్ల లేదు."

"మిషను కాడ ఎప్పుడు నిలబడింది?"

"ఊరికే. మాటకి చెప్పినాను."

"జూలై అంతా మీరు పగలు ఇంట్లో ఉండి వీడియో చూసినారు. మిల్లు?"

"మిల్లు నడుస్తానే ఉండింది."

"మీరు లీవ్ తీసుకున్నారా అని అడుగుతున్నాను."

"లీవ్ తీయలేదు."

"షిఫ్ట్ మారిందా?"

"యూనిట్ మార్చినారు. జూన్ కడాకున. పాత యూనిట్ మూసేసి నన్ను ఒక్కదాన్నే వేరే చోటికి పంపినారు. ఆగస్టు నుంచి రాత్రి షిఫ్ట్."

"నాకు ఒక్కటి చెప్పండి. మీరు క్విజ్ రాసేటప్పుడు వినోదిని ఎక్కడ ఉండింది? ఫారంలో అడుగుతారు."

"ఉన్నచోట బాగానే ఉండింది మిస్."

"అది రాస్తే దామోదరన్ సార్ ఊరుకుంటారా?"

"చెడు దారిలో లేదు. అంతే రాసుకోండి."

"నేను ఇప్పుడు ఏమి చేసేది? కాపీ కొట్టలేదు, నిజం. వేరే మనిషి రాసినారు, అదీ నిజం. ఈ ఫారంలో ‘పేజీ వదిలినారా, లేదా’ అని ఒకటే గడి ఉంది. మనిషి మారినారా అనేదానికి గడి లేదు."

"లేకపోతే రాయకండి."

"రాయకుండా ఉంటే నాకు నిద్ర పట్టదమ్మా. వినండి. పేజీ వదిలింది కాపీ కాదు, ఫోను ఆరిపోయిందని రాస్తాను. అది నా కళ్ళతో చూసినాను. ఆ నాలుగు క్విజ్ మార్కులు మాత్రం తీసేస్తాను."

"నాలుగూనా? యాభైకి యాభై, రెండు సార్లు వచ్చింది."

"వచ్చింది మీకు. మార్కు ఆమెకి ఇవ్వలేను."

"...న్యాయమే. ఆ మార్కుల కాగితం చూసేదానికి కూడా ఇవ్వరా?"

"ప్రింట్ తీసి ఇస్తాను. మీ ఇంట్లో పెట్టుకోండి. ఇంకొకటి. టెన్త్ ప్రైవేటుగా రాయొచ్చు. నేను పుస్తకాలు ఇస్తాను. అది ముగిస్తే మీ పేరుతోనే చదవొచ్చు."

"నా వయసు నలభై ఏడు మిస్."

"నా పాఠం మూడు సార్లు వినిన మనిషి మీరు ఒక్కరే. వయసు సంగతి నేను చూసుకుంటాను. వినోదిని మాత్రం ఏడు పోకుండా ఉండాలంటే నా ముందర కూర్చొని ఆ ఇరవై ప్రశ్నలు మళ్ళీ రాయాల. సోమవారం తొమ్మిదిన్నరకి ఇక్కడ ఉండాల."

"మంగళవారం పెట్టుకుందామా మిస్?"

"కాదు. మంగళవారం మార్కులు పంపించేయాల. సోమవారమే."

"సోమవారం పాపకి వచ్చేదానికి కుదరదు."

"ఏడు పోతాదని చెప్తున్నాను. దానికంటే పెద్ద పని ఏముంది?"

"మిల్లులో ఫంక్షన్. ప్రైజ్ ఇస్తారు."

"ఎవరికి?"

"సుబ్బమ్మాళ్‌కి."

"మీకా? మంచి మాట కదా, ముందే చెప్పకూడదా. దేనికి ఇస్తున్నారు?"

"జూలైలో ఒక్క దినం కూడా తప్పకుండా వచ్చి, ఒక్క నిమిషం కూడా మిషను వదలని మనిషని. గేటులో మొహం చూసి తలుపు తీసే మిషను ఒకటి, ఫ్రేం కాడ ఒకటి పెట్టినారు. మీ కంప్యూటర్ మాదిరే అదీ అంతా రాసి పెడతాదంట. అరవై మందిలో ఒక్కసారి కూడా పోని మనిషి సుబ్బమ్మాళ్ ఒక్కతేనంట."

"జూలైలోనా? జూలైలో మీరు ఇంట్లో కదా ఉంటిరి."

"అవును మిస్."

"సరి, అది మీరూ మీ మిల్లూ చూసుకోండి. సోమవారం మీరు పోయి ప్రైజ్ తీసుకోండి, వినోదినిని ఇక్కడికి పంపించండి."

"నేను పోతే గేటే తెరుచుకోదు మిస్. ఆ కొత్త యూనిట్ నేను ఇంకా చూడనే లేదు, అక్కడ సుబ్బమ్మాళ్ అంటే వినోదినినే."